నరముల వైద్యము – తెలుగు రోగి మాట

భివండీ పట్టణమున వరాలా తలావ్ చెంత కాపురమున్న మన నేతపనివారిలో ఎవరికైనను నడుము పట్టినను, చేయి తిమ్మిరెక్కినను, రాత్రి పాళీ ముగిసి సాంచా ఆపినంతనే కండ్లు తిరిగినను, నోట వచ్చు మాట ఒక్కటే: 'నరముల జబ్బు'. ఈ మాటకు గల వైశాల్యమును గూర్చియు, దీనిని మూటగట్టుకొని రోగి చేరు పెద్ద ఆసుపత్రుల నరముల విభాగముల చరిత్రను గూర్చియు ఇచట కొంత విన్నవింపదలచితిని. నేను వైద్యుడను గాను. తెలుగు పాఠములు చెప్పుకొని బ్రదుకువాడను. అయినను ఈ వైద్యశాఖ చరిత్ర చదివినకొలది, ఇందు మొదటి పనిముట్టు రోగి నోటి మాటయే యని నాకు స్థిరపడినది. ఆ మాట తెలుగైనపుడు, వినువారు తెలుగు రానివారైనపుడు, ఏమగునన్నదే ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము.

తెలుగున 'నరము' అను పదము మూడింటికి చెల్లుచున్నది. నెత్తురు పారు సిరయు నరమే. కండను ఎముకకు బంధించు తంతువును నరమే. మెదడు ఆజ్ఞలను కొనిపోవు నాడియు నరమే. సూది వేయుటకు నర్సు వెదకునది నరము. బరువెత్తినపుడు 'నరము పట్టినది' అందుము. ఒంట సత్తువ తగ్గిన ప్రతివానికిని 'నరముల బలహీనత' అని పేరు పెట్టుదుము. పోనీ, 'నాడి' అందమన్నచో మణికట్టున కొట్టుకొనునది తలపునకు వచ్చును. పూర్వపు 'నాడీవైద్యుడు' చేయి పట్టి చూచువాడే గాని నేటి న్యూరాలజీ వైద్యుడు కాడు. హిందీవారి 'నస్' కూడ నెత్తుటి గొట్టమునకును నాడికిని ఉమ్మడి పేరే. మరాఠీ పాఠ్యగ్రంథములు నాడికి 'మజ్జాతంతు' అని వేరు పేరు పెట్టుకొన్నవి గాని, వీధిలో మాటలాడువారు ఆ పదమును అరుదుగా వాడుదురు. కావున ఈ చిక్కు మన యొక్కరిదే కాదు.

వైద్యకళాశాలకు చేరిన ఆసుపత్రిలో నరముల విభాగమునకు రెండు వాకిండ్లు కలవు. ఒకటి ఓ.పి.డి.; కేసు పేపరు చేయించుకొని వరుసలో కూర్చుండి రోగి తనంత వచ్చునది. రెండవది బయటివారికి అంతగా తెలియదు. కాన్పుల వార్డులో బాలింతకు ఫిట్స్ వచ్చినను, ఎముకల వార్డులో నడుము నొప్పికి చేరినవానికి మూత్రము బిగిసినను, జనరల్ వార్డులో జ్వరరోగి మాట తడబడినను, ఆ వార్డు వైద్యుడు ఒక చీటి వ్రాసి నరముల విభాగమునకు పంపును. పై చదువు చదువుచున్న యువవైద్యుడు ముందు వచ్చి చూచును. తరువాత ఆచార్యునితో మరల వచ్చును. దీనినే కన్సల్టేషను అందురు. వచ్చినవారు తేల్చుకొనవలసిన ప్రశ్నలు రెండు. జబ్బు ఎక్కడ నున్నది? మెదడునందా, వెన్నుపామునందా, దానినుండి వెడలు వేరునందా, నాడియందా, కండయందా? ఆ జబ్బు ఏమి? మొదటి ప్రశ్నకు మోకాలిపై చిన్న సుత్తితో తట్టుట, అరికాలిని గీయుట మొదలగు పరీక్షలు చాలవఱకు ఉత్తరమిచ్చును. మోకాటి ప్రతిక్రియను 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అను జర్మను వైద్యులు వేర్వేరుగా ప్రకటించిరి. అరికాలి గుర్తును 1896లో బాబిన్‌స్కీ వివరించెను. రెండవ ప్రశ్నకు ఉత్తరము కాలములో నున్నది. నిమిషములలో వచ్చినచో నెత్తుటి నాళమును, దినములలో వచ్చినచో వాపును లేదా క్రిమిదోషమును, నెలల తరబడి పెరిగినచో గడ్డను లేదా ఒత్తిడిని మొదట అనుమానింతురు. ఎప్పుడు మొదలయ్యెను, ఏ కాలు ముందు, నొప్పి ముందా తిమ్మిరి ముందా అన్నవి సుత్తికి తెలియవు. రోగియే చెప్పవలయును, చెప్పలేనిచో ఇంటివారు చెప్పవలయును.

ఈ శాఖ వయస్సు పెద్దది కాదు. లండనులో పక్షవాత, అపస్మార రోగులకై ప్రత్యేకాసుపత్రి 1859లో స్థాపింపబడెను. పారిసున సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో పండితునికొఱకు నాడీమండల వ్యాధుల ఆచార్యపీఠము 1882లో ఏర్పడెను. మన దేశమున 1949లో జేకబ్ చాండీ వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మెదడు శస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పిరి. మరుసటి యేడు మద్రాసున బి. రామమూర్తి ఆ పనికి పూనుకొనిరి. వీరిరువురును, ఎస్. టి. నరసింహన్, బల్దేవ్ సింగ్ గారలును కలిసి 1951లో 'న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా'ను స్థాపించిరి. నలుగురితో మొదలైన పని అది.

మనకు దగ్గరిది బొంబాయి. అచటి గ్రాంట్ వైద్యకళాశాలయు జె. జె. ఆసుపత్రియు 1845 నాటివి. పరేలులోని కె. ఇ. ఎం. ఆసుపత్రియు సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ వైద్యకళాశాలయు 1926లో తెరువబడెను. అందు బోధకులుగా భారతీయులనే నియమింపవలెనని దాతలు షరతు విధించిరి. ఈ రెండును తెలుగువారి పొరుగుననే యున్నవని మనవారు గమనింపవలయును. జె. జె. ఆసుపత్రికి సమీపమున, ఇండ్లు కట్టు కూలికి తెలుగు దేశమునుండి వచ్చిన కామాటీల పేర కామాటిపురా నిలిచి యున్నది. పరేలు, వర్లీ ప్రాంతముల బట్టల మిల్లులలో పద్మశాలీలు తరతరములు పనిచేసిరి. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మె తరువాత నేత బలము భివండీ పవర్‌లూములకు మరింతగా మరలెను. పద్మనగరు వంటి పేటలు నిండెను. అయినను జబ్బు ముదిరినచో పోవునది ఆ పాత ఆసుపత్రులకే. ఇప్పుడు ఠాణే చెంత కళ్వాలో 1992లో ఏర్పడిన వైద్యకళాశాల కొంత దగ్గరైనది.

కె. ఇ. ఎం.లో ఎడ్డీ భరూచా గారు, జె. జె.లో 1957లో లండను నుండి తిరిగివచ్చిన నోషీర్ వాడియా గారు నరముల విభాగములకు ఆద్యులు. వాడియా గారి రచనలలో రెండింటిని ఇచట పేర్కొనవలసి యున్నది. ఆయన స్వామి గారితో కలిసి 1971లో 'బ్రెయిన్' పత్రికయందు తొమ్మిది కుటుంబములను గూర్చి ప్రకటించెను. ఆ కుటుంబములలో నడక తూలు వంశవ్యాధితో పాటు కనుగ్రుడ్లు మిక్కిలి మెల్లగా కదలుట కనబడెను. తండ్రికి ఎట్లుండెడిది, మేనత్తకు ఎట్లుండెడిది అని ఓపికతో అడిగినగాని ఇట్టిది బయటపడదు. ఆ యేడే బొంబాయిలో కండ్లకలక పెద్దయెత్తున వ్యాపించెను. కొలది దినములలో కండ్లు బాగుపడినవి గాని, కొందరికి కొన్ని వారములు గడచిన పిమ్మట కాళ్లు పట్టు తప్పెను. కంటి జబ్బును కంటి వైద్యుడు చూచెను, కాళ్ల జబ్బును మరియొకడు చూచెను. రెండింటికిని సంబంధము కలదని తెలియుటకు 'ఈ మధ్య నీకు కండ్లు ఎఱ్ఱబడినవా?' అన్న ప్రశ్న కావలసివచ్చెను. వాడియా గారును వారి తోడివారును ఈ వ్యాధిని వర్ణించి ప్రకటింపగా, కండ్లకలక తెచ్చిన సూక్ష్మక్రిమియే వెన్నుపామును, దాని వేళ్లను గాయపరచినదని లోకము గ్రహించెను.

ఇంతకన్న మనకు ముఖ్యమైన కథ నల్లగొండది. భివండీలోని తెలుగువారిలో నల్లగొండ, కరీంనగరు, వరంగల్లు, పాలమూరు సీమలనుండి వచ్చినవారే ఎక్కువ. కావున ఈ కథను కొంచెము విపులముగా చెప్పెదను.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అను నలుగురు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి ఒక పరిశోధనమును ప్రకటించిరి. వారు చూచినది అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములను. అచటివారికి చిన్ననాడే పండ్లపై గోధుమరంగు చారలు పడును. నడివయసున మెడయు నడుమును కట్టెవలె బిగియును. మరి కొందరికి కాళ్లు చచ్చుబడును. ఈ నలుగురిలో బార్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసులోని బార్నార్డ్ సంస్థ ఆయన పేరనే నేటికిని నడచుచున్నది. నీటిని పరీక్షించువారు, మంచముకడ చూచువారు, ఎముకల చిత్రము తీయువారు ఒకచోట చేరినందుననే ఆ మర్మము విడెను. త్రాగునీటిలోని ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఎముకలలో చేరుచుండును. ఎముక దట్టమై, అంచులు పెరిగి, వెన్నుపూసలను కట్టియుంచు బంధనములు సైతము ఎముకగా మారును. వెన్నుపాము పోవు సొరంగము ఇరుకగును. మొదట చేతుల తిమ్మిరి, పిదప కాళ్ల బిగువు, తుదకు మంచము. నాడికి స్వతస్సిద్ధముగా వచ్చిన జబ్బు కాదిది. చుట్టునున్న ఎముక దానిని నొక్కివేయుచున్నది.

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దిఖీ అను వైద్యుని వ్యాసము 1955లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వెలువడెను. అటుపిమ్మట హైదరాబాదున డి. రాజారెడ్డి గారు ఈ రోగుల వెన్నెముకలను అనేక సంవత్సరములు పరిశీలించి, అంతర్జాతీయ గ్రంథములకు ఆ విషయమున అధ్యాయములు వ్రాసిరి. వీరు మెదడు శస్త్రవైద్యులు, నిమ్స్ సంచాలకులుగా పనిచేసినవారు. ప్రాచీన నాణెములను గూర్చి పుస్తకములు రచించినవారును వీరే! పూర్వుల నాణెముల అరుగుదలను చదివిన చేతులే పల్లెవారి వెన్నుపూసల పెరుగుదలను చదువుట నాకు ముచ్చటగా తోచును.

చండూరు, మునుగోడు, మర్రిగూడ, నారాయణపురము సీమలను మన పెద్దలెరుగుదురు. అవి మగ్గములకు పేరుబడిన ఊళ్లున్న సీమలు. తేలియా రుమాలుకు ప్రసిద్ధమైన పుట్టపాక అందలిదే. ఫ్లోరైడునకు అపఖ్యాతి పొందినవియు ఆ సీమలే. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నములతో తొలగించు పద్ధతిని నాగపురములోని నీరీ సంస్థ 1970లలో రూపొందించి దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరిడెను. ఒక జిల్లాపేరు లోకమునకు ఈ విధముగా తెలియుట గర్వకారణమో విచారకారణమో పాఠకులే నిర్ణయింతురు గాక. తరువాత కృష్ణా జలములును, 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నీరును ఆ పల్లెలకు చేరెను. పుట్టుచున్న పిల్లలకు మేలు కలిగినది. కాని బాల్యమంతయు పాత బావి నీరు త్రాగి, ఇరువదవ యేట మగ్గము వదలి సాంచా పట్టుకొనుటకు భివండీ వచ్చినవాని సంగతి వేరు. ఇచట వరాలా తలావ్ నీటిని పట్టణములో కొంత భాగము త్రాగుచున్నది. అది వానచెరువు, రాతిపొరలలోని లోతు బావులకు వచ్చు దోషము అట్టి చెరువులకు సామాన్యముగా రాదు. అయినను వచ్చినవాడు తన ఎముకలను వెంట తెచ్చుకొనెను. నలుబదియైదవ యేట అతని కాళ్లు బిగిసినపుడు బొంబాయి వైద్యుడు 'ఏ ఊరు?' అని అడుగును. 'భివండీ' అని ఉత్తరము. కేసు పేపరుపై భివండీ అని పడును. నీటి సంగతి అంతటితో మరుగుపడును. ఎక్స్‌రేలో ఎముకల దట్టము చూచి అనుమానించు వైద్యుడున్నచో సరి. లేనిచో మెడయెముక అరుగుదల అని వ్రాసి పంపుటకును అవకాశము కలదు. 'చిన్ననాడు ఏ ఊరి నీరు త్రాగితివి?' అన్నదొక్కటే సరియైన ప్రశ్న. అడుగకున్నను చెప్పవలసిన మాట అది.

ఇక మాటల సంగతికి వత్తును. మనవారు ఆసుపత్రిలో తెలుగును హిందీలోనికి మాటకు మాటగా దింపుదురు. 'కాలు పడిపోయినది' అనగా చచ్చుబడినదని మన భావము. 'పైర్ గిర్ గయా' అన్నచో వినువానికి అర్థమే కాదు, లేదా రోగి క్రిందపడెనని తలచును. దెబ్బ తగిలి కాలు చచ్చుబడుట వేరు, దెబ్బ లేక చచ్చుబడుట వేరు. వైద్యుని మార్గమే మారును. 'కండ్లు తిరిగినవి' అన్నచో మనకు తల తిరిగి సోలుట. 'ఆంఖే ఘూమ్ గయీ' అన్నచో కనుగ్రుడ్లు ఒక ప్రక్కకు గుంజుకొనిపోయినవని అర్థము రావచ్చును, అది ఫిట్స్‌కు ఒక గుర్తు! వట్టి సొమ్మకు ఫిట్స్ మందు వ్రాయబడుటకు ఇంతమాత్రము చాలును. 'మూర్ఛ' మరియొక చిక్కు. సంస్కృతమునను మరాఠీయందును అది సొమ్మసిల్లుట; మన వాడుకలో మూర్ఛరోగమనగా అపస్మారము. 'లక్వా' అన్నమాట యూనానీ వైద్యులకు ముఖము వంకరపోవుట, హిందీ వాడుకలో ఏ పక్షవాతమైనను లక్వాయే. ఉర్దూ, హిందీ, మరాఠీ, తెలుగు నాలుగును ఒక కార్ఖానాలో వినవచ్చు ఊరిలో ఈ మాటలు చేతులు మారునపుడల్లా అర్థము కొంత రాలుచుండును. అపస్మారము నిజముగా ఉన్నవాని విషయమున ఇది ప్రాణముతో పని. నిద్ర చాలకున్నచో ఫిట్స్ ఎక్కువగునని వైద్యులందరు చెప్పుదురు. రాత్రి పాళీ, ఎదుట తిరుగుచున్న పట్టాలు, ప్రక్కన మరియొక సాంచా. పని పోవునను భయమున జబ్బును దాచువారును కలరు. 'నరముల బలహీనత' అను పేరు అట్టి దాచుటకు మిక్కిలి అనుకూలమైనది.

పక్షవాతమున కాలము సంగతి మరింత గట్టిది. గడ్డకట్టిన నెత్తురును కరగించు మందు మూడు గంటలలోపల ఇచ్చినచో మేలని 1995లో రుజువాయెను. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగెను. గడువును లెక్కించునది రోగి చివరిసారి బాగుగా కనబడిన క్షణమునుండి. 'పొద్దున లేచేసరికి' అని ఇంటివారందురు. లేచిన వేళయా, పడుకొన్న వేళయా? నిద్రలో వచ్చినచో లెక్క పడుకొన్న వేళనుండియే. భివండీ నుండి బొంబాయి వఱకు గల దారిని, దానిపై లారీల వరుసను తెలిసినవారికి ఇందు ప్రతి నిమిషము విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

మెదడు దెబ్బతిని మాటయే పోయినపుడు తెలుగువాని స్థితి ఇంకను విచిత్రము. 1861లో బ్రోకా వర్ణించిన రోగి ఒక్క 'తాన్' అను శబ్దము తప్ప పలుకలేకపోయెను. అట్టివానిని ఎవడైనను గుర్తించును. 1874లో వెర్నికే చెప్పినది వేరు రకము: రోగి ధారాళముగా మాటలాడును గాని ఆ మాటలకు అర్థముండదు. తెలుగు రాని వైద్యునికి ఈ రోగి చక్కగా తెలుగు మాటలాడుచున్నట్లే తోచును! 'ఏమేమో అనుచున్నాడు, మా నాయన ఇట్లు మాటలాడడు' అని చెప్పగలవాడు ప్రక్కననున్న కొడుకో కూతురో మాత్రమే.

హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారును తోడివారును తెలుగు రోగులకు తెలుగులోనే జ్ఞాపకశక్తి పరీక్షలు సిద్ధపరచిరి. వారు 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితము పలువురినాకర్షించెను: రెండు లేదా అంతకు మించి భాషలు మాటలాడువారికి ఆ జబ్బు, ఒకే భాషవారికన్న సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినది, చదువు రానివారిలోను ఈ భేదము కనబడెను. 2016లో 608 మంది పక్షవాత రోగులను గూర్చి చెప్పిన దానిలో, బుద్ధిశక్తి చెడక నిలిచినవారు బహుభాషులలో నూటికి 40 మంది, ఏకభాషులలో నూటికి 20 మంది. దీనితో ఏకీభవింపని పండితులును కలరు. వలసలు, వృత్తులు మొదలగు కారణములను వారు చూపుదురు. ఏమైనను, తెలుగు ఇంటను, మరాఠీ బడిలోను, హిందీ బజారునను వాడు మన పిల్లలను 'ఏ భాషయు సరిగా రాదు' అని నిందించువారు ఈ వ్యాసములను ఒకసారి చదువుట మంచిది.

ఆ పిల్లలే నేడు ఆసుపత్రులలో మన దుబాసీలు. పదునాలుగేండ్ల బాలిక తల్లికి తోడు వచ్చి, తల్లి చెప్ప సిగ్గుపడిన మాటను తాను వైద్యునికి చెప్పవలసివచ్చుట మన పేటలలో అరుదు కాదు. అందులకై ఈ యేడు ఎనిమిదవ తరగతిలో అనువాద పాఠమునకు కథలను కొంత తగ్గించి ఇట్టి వాక్యములను ఇచ్చుచున్నాను: కాలు పడిపోయినది, కండ్లు తిరిగినవి, చేతిలో చీమలు పాకినట్లున్నది, మాట ముద్దగా వచ్చుచున్నది, నిన్న రాత్రి తొమ్మిదింటికి పడుకొన్నప్పుడు బాగుగనే యుండెను. మాటకు మాట పెట్టినవారికి మార్కులు లేవు. చీమల వాక్యము మాత్రము అందరును సులభముగా గెలిచిరి. మరాఠీవారును తిమ్మిరిని 'చీమలు వచ్చుట' అనియే అందురు. ఆఱవ వాక్యముగా, నల్లగొండనుండి వచ్చిన ఇండ్ల పిల్లలచేత, వారి తాత త్రాగిన నీటి ఊరిపేరును మరాఠీలో వ్రాయించుచున్నాను. ఆ పేరు తెలియక ఇంటికి పోయి అడిగి వచ్చినవారే ఎక్కువమంది.